అరటిపండు

వారాసిగూడ మూడో గల్లీలో
నాలుగేళ్లుగా మా హవిష
ఆటలో అరటిపండు.
ఎవరు ముట్టినా దొంగ కాదు,
తను ఎవరిని పట్టినా లెక్క లేదు.
అందరి చెప్పులకీ కాపలా.

ఛాతీ మధ్య జిప్పులాంటి కుట్ల గీత.
దానికంటే పొడుగు నా వద్దుల జాబితా:
మెట్లొద్దు, ఎండొద్దు,
తాడాట వద్దే వద్దు.

మొన్న చెకప్‌లో డాక్టరమ్మ
చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి అడిగింది:
"గుండె బాగానే నడుస్తోంది,
పిల్లెందుకు కూర్చుంది?
ఆయాసమొస్తే తనే ఆగుతుంది.
ఆగనివ్వండి. ఆపకండి."

ఈ సాయంత్రం బాల్కనీలో
మెంతికూర గిల్లుతున్నాను,
కాడలు గిన్నెలోకి, ఆకులు చెత్తలోకి.
కింద ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఉరికి
మోకాళ్ల మీద చేతులాన్చి వంగింది.
మూడో అంతస్తులో నాకు ఊపిరాడలేదు.
తను రెండుసార్లు గట్టిగా పీల్చుకుని
మళ్లీ ఉరికింది.

ఇలియాస్ వీపు మీద ఒక్కటి చరిచి అరిచాడు:
"హవిష దొంగ!"
ఆ దెబ్బ నాకే తగిలింది.

మెట్లన్నీ ఎక్కొచ్చింది,
జుట్టంతా చెమట, మొహమంతా పళ్లు.
"అమ్మా, నేనే దొంగ!
నీళ్లియ్యి జల్దీ,
ఆట ఆగింది నా కోసం."