ఉపవాక్యాలు

గ్రిమ్స్‌బీ రేవులో మంగళవారం రాత్రి,
చేపల గోదాము మీద మూడో గది.
హీటరు ఒకవైపే పనిచేస్తుంది
అందుకని అందరం ఒకవైపే కూర్చుంటాం.

ముప్పై ఏళ్లు రేవు ఆఫీసులో బిల్లులు రాసినదాన్ని.
ఇప్పుడు సగం ఎండిన నీలం మార్కరుతో
వాక్యాలు నేర్పుతున్నాను.
"కర్త ముందు. దాని భుజానికి ఆనుకుని క్రియ.
ఎవరు, ఏం చేశారు? ఇంగ్లీషుకి ఓపిక తక్కువ,
వెంటనే చెప్పెయ్యాలి" అన్నాను.
మెబ్రహ్తు తల అడ్డంగా ఊపాడు.
"మా టిగ్రిన్యాలో క్రియ చివర్న వస్తుంది టీచర్.
ఆఖరుదాకా వినకుండా
మధ్యలో ఎవరూ లేచిపోలేరు."

షిలాన్‌కి ఆజ్ఞార్థకాలన్నీ వచ్చు.
ఎత్తు. కడుగు. తొయ్యి. గ్లౌజులు మార్చు. ఊఁ, త్వరగా.
ఎనిమిది నెలలుగా ఐసు గదిలో
ఆమె చెవినపడ్డ ఇంగ్లీషు అంతే.
"వీటిలో కర్త ఏదమ్మా?"
"కనిపించదు. పని చేసేది మాత్రం అదే."
నా దగ్గరున్న మూడు వ్యాకరణాల్లోనూ
ఇంత మంచి నిర్వచనం లేదు.

దైవా ప్రతిదానికీ ఆశ్చర్యార్థకం పెడుతుంది.
"అద్దె కట్టేశాను!" అని చీటీ రాస్తే
ఇంటాయన కంగారుపడి ఫోన్ చేశాడట.
"కట్టగలిగినందుకు ఆశ్చర్యపోయింది నేను కదా" అంటుంది.
షిలాన్, ఆమె ఒకే గదిలో ఉంటారు, పొయ్యిలు వేరు.
సంయుక్త వాక్యానికి
నేను వేరే ఉదాహరణ వెతుక్కోలేదు.

ప్రశ్నలకు జవాబివ్వడం వీళ్లకు నేర్పనక్కర్లేదు.
ఎక్కణ్ణుంచి, ఏ తేదీన, ఎవరితో, ఎందుకు,
మళ్లీ అడుగుతున్నాం, ఎందుకు:
ఆఫీసుల్లో అద్దాల అవతలివాళ్లు బాగానే నేర్పారు.
అడగడం నేర్పడానికే
నాకు నాలుగు వారాలు పట్టింది.

పోయిన వారం ఇంటిపని, సంక్లిష్ట వాక్యాలు మూడు.
బస్సులో మెబ్రహ్తు నోటుబుక్కు తెరిచాను.
సముద్రం నల్లగా ఉన్నప్పుడు. ఫుల్‌స్టాప్.
తమ్ముడు నా చొక్కా పట్టుకుని ఉన్నందువల్ల. ఫుల్‌స్టాప్.
తెల్లవారేసరికి.
అక్కడా ఫుల్‌స్టాప్, కాగితం చిల్లిపడేంత గట్టిగా.

మూడూ ఉపవాక్యాలే. వాటంతటవి నిలబడవు.
"అసంపూర్ణం" అని ఎర్ర కలంతో మొదలుపెట్టాను,
"అసం" దగ్గర నా స్టాపు వచ్చింది.
దిగలేదు.

ఈ మంగళవారం అందరూ వెళ్లాక ఆపాను.
"వీటికి ప్రధాన వాక్యం కావాలి నాయనా."
జిప్పు మెడదాకా లాక్కున్నాడు.
"తెలుసు టీచర్.
చెప్పాను కదా, మాకు క్రియ చివర్న వస్తుందని."

మెట్ల మీద అతని బూట్లు
కిందిదాకా వినిపించాయి.
నోటుబుక్కు నా దగ్గరే ఉండిపోయింది.
హీటరు కట్టేసి, కోటు వేసుకునే
మూడో ఫుల్‌స్టాపు కింద
ఎర్ర కలంతో చిన్న తోక గీశాను.