నూట పది

ఇరవై రెండేళ్లుగా నాకు తెలిసిన నీళ్లన్నీ
నాలుగు గోడల నీళ్లు.
రెండడుగుల మూత లేపి, భుజాలు ఏటవాలుగా తిప్పి
దిగాలి.
లోపల టార్చి, చీపురు, బ్లీచింగు వాసన,
అడుగున వేలెడు మందం బురద,
అందులో ఎవరిదో ఒంటి చెవిదిద్దు.
మల్కాజిగిరి నుంచి మణికొండ దాకా
ఎవరి సంపు ఎంత లోతో అడగండి, చెప్తాను.
సముద్రం సంగతి మాత్రం అడక్కండి.

సైనిక్‌పురిలో ఒక హాలు గోడ మీద ఫొటో:
నీలంలో వేలాడుతూ ఆ ఇంటావిడ,
నోటి దగ్గర బుడగలు, చుట్టూ చారల చేపలు,
కాళ్ల కింద ఏమీ లేదు.
బిల్లు రాస్తూ తొమ్మిదొందలకి తొంభై వేశాను.
ఆవిడే దిద్దింది.
"ఎవరైనా నేర్చుకోవచ్చు" అంది.
ఆ "ఎవరైనా" స్కూటర్ వెనక ఎక్కి
ఇంటిదాకా వచ్చింది.

జనవరిలో ఆరు రోజులు ఖాళీ చేశాను.
ఎండాకాలం కుదరదు,
ట్యాంకర్లు తిరిగే రోజులే నాకు అన్నం.
పుష్పలీల లెక్కల పుస్తకం చివరి పేజీలో గీతలు కొట్టింది.
గోవా, అండమాన్, విశాఖ, మురుడేశ్వర్.
ఎదురుగా రైలు ఖర్చు, గది ఖర్చు,
నేను చూడననుకుని ఆఖర్న ఇంకో గడి,
"మనిషి తిరిగొస్తాడా".

గోవా అతను ఫోనెత్తగానే వీడియో ఫ్రీ అన్నాడు.
ఈత రాకపోయినా పర్లేదట,
ఏమీ తెలియకపోయినా పర్లేదట.
అన్నిటికీ పర్లేదనే మనిషితో
నేను మెట్లు కూడా దిగను.
అండమాన్‌లో నీళ్లు అద్దమట.
విమానం టికెట్ చూసి పుష్పలీల అద్దం పక్కన పెట్టింది.
పైగా మునిగిన మర్నాటిదాకా విమానం ఎక్కకూడదట,
ఆరులో ఒకటి ఊరికే కూర్చోవడానికే పోయె.
విశాఖ ఆయన మంచివాడు.
"ఈ వారం నీళ్లు మసకగా ఉన్నాయండీ, అబద్ధమెందుకు" అన్నాడు.
మసక కోసం
నేను రైలెక్కడమెందుకు?

ఎల్లేశ్ బకెట్ పైకి లాగుతూ అన్నాడు,
"గా పైసలతోని కొత్త మోటర్ కొనరాదె అన్నా,
నీళ్లల్ల దిగుడు మనకేం కొత్త?"

వాడి వయసులో నాకొక జోడీ ఉండేవాడు, రాజనర్సు.
బోయినపల్లిలో పాత సంపు, మూణ్నెల్లు మూత తీయనిది.
"గిప్పుడే వస్త" అని దిగాడు.
రాలేదు.
ఊపిరి బిగబట్టి దిగి, చొక్కా దొరకబుచ్చుకుని లాగాను.
బతికాడు. మళ్లీ ఏ మూతా లేపలేదు.
ఇప్పుడు తార్నాకలో పూలమ్ముతాడు,
గాలి బాగా తగిలే మూల చూసుకుని.
ఆ రోజు నుంచి నాకొచ్చిన విద్య ఒక్కటే.
నూట పది అంకెలు లెక్కపెట్టేదాకా
ఊపిరి ఆపగలను.

రాత్రి తొమ్మిదింటికి మురుడేశ్వర్‌కి చేశాను.
ఆడమనిషి గొంతు,
వెనకాల సిలిండర్లు దొర్లిస్తున్న చప్పుడు.
ముందు ధర చెప్పలేదు.
చెవులు అడిగింది. జలుబు అడిగింది. ఆస్తమా అడిగింది.
ఏం పని చేస్తారంది.
చెప్పాను. నూట పది కూడా చెప్పాను, కాస్త గర్వంగానే.
ఆమె నవ్వలేదు.
"అదే మీకు కష్టం" అంది, వచ్చీరాని హిందీలో.
"నీళ్లలో ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు.
మా మొదటి పాఠం అది.
మీకు ఒక రోజు ఎక్కువ పడుతుందేమో.
భయమేస్తే పైకొచ్చేద్దాం, నెమ్మదిగా."

డాబా మీద సింటెక్స్ ట్యాంకుకి వీపు ఆనించి
చాలాసేపు కూర్చున్నాను.
లోపల నీళ్లు కదిలాయి,
కింద ఎవరో కుళాయి తిప్పినట్టున్నారు.
పుష్పలీల పుస్తకం పట్టుకుని పైకొచ్చి
నా మొహం చూసి మూడు ఊళ్లు కొట్టేసింది.
ఆఖరి గడిలో మాత్రం ఇంకా ఏమీ రాయలేదు.

మర్నాడు హబ్సిగూడ.
మూత తీసి, అరగంట గాలి ఆడనిచ్చి, దిగాను.
నడుం దాకా దిగాక తెలిసింది,
అలవాటుగా ఆపేశానని, అప్పుడే ముప్పై దాటిందని.
వదిలాను.
పీల్చాను.
బ్లీచింగు, తడి సిమెంటు, పై నుంచి ఎవరి వంటింటిదో పోపు.
వదిలాను.
"ఏమైందన్నా?" మూత దగ్గర ఎల్లేశ్ తల.
"ఏం లే. నేర్చుకుంటున్న."