సబ్బు నురగ

ఇపేనీ కుమారునీ పక్కపక్కన పెట్టి
ఏది ఏదో చెప్పమంటే
మొదటి నెలంతా తప్పే చెప్పాను.
రెండూ ముదురుపాకం బెల్లం రంగే.
రెండూ నీళ్లలో వేస్తే రాయిలా అడుక్కి పోతాయి.
రెండింటిలోనూ మేకు దిగదు,
వంగి మన వేలి మీదికే వస్తుంది.

అడవిలో ఉన్నన్నాళ్లూ ఈ తికమక లేదు.
ఒకటి ఎండలకి ఆకంతా రాల్చుకుని
ఒళ్లంతా పసుపుగా పూస్తుంది.
ఇంకోదాని గింజల్ని ఆడవాళ్లు ఏరుకొచ్చి
పెట్టెల్లో బట్టల మడతల మధ్య దాస్తారు.
పలకలుగా కోశాక ఎవరికి తెలుసు?

ఒస్మరీనాకు తెలుసు.
ఇతైతూబా రేవులో, తపజోస్ ఏటి ఒడ్డున
రేకుల షెడ్డు కింద
ఇరవై ఆరేళ్లుగా చెక్కల కులగోత్రాలు అడుగుతోంది.
"పైరంగు నమ్మకు" అనేది.
"ఆరు నెలలు ఎండలో పడుంటే అన్నిటిదీ ఒకటే బూడిద.
కొత్తగా గాయం చెయ్, అప్పుడడుగు."

కత్తితో అడ్డంగా పల్చటి పొర లేపి
నాలికతో తడిపి ముక్కు దగ్గర పెట్టుకునేది.
కుమారు అయితే వెనిల్లా, దాని వెనక కాస్త ఎండుగడ్డి.
ఇపే అయితే సన్నటి రంధ్రాల్లో
ఆవపిండి చల్లినట్టు పచ్చటి పొడి.
కుమారులోనూ ఒక్కోసారి పసుపు కనబడుతుంది,
నాలాంటివాళ్లు బోల్తాపడేది అక్కడే.

అప్పుడిక సబ్బు.
కాకో పొట్టు బూడిదతో వాళ్లక్క కాచే నల్ల సబ్బు
నీళ్లలో కలిపి ఒక్క చుక్క వేస్తే
ఇపే పొడి ఎర్రగా లేస్తుంది.
కుమారు ఉలకదు పలకదు.

మార్చిలో, వాన వదలని రోజున
పలకల లారీ ఒకటి వచ్చింది.
కాగితాల్లో మొత్తం కుమారు.
తడికి మసకబారిందని లెన్స్ నా చేతికిచ్చి
పై వరుసలో నాలుగు పలకలు గీసి చూసింది.
నాలుగూ వెనిల్లానే.
డ్రైవర్ వాల్దెమీర్ సిగరెట్ వెలిగించుకుని
"చాలా, దోనా?" అన్నాడు.
కింది వరుసలు టార్పాలిన్ చుట్టి, తాళ్లు బిగించి ఉన్నాయి.
ఆమె ముద్ర తీసింది. సిరా పెట్టె మూత తీసింది.
ఇంతలో అన్నం వేళయింది.

ఎవరొచ్చినా తినకుండా పంపే అలవాటు లేదామెకి.
వేయించిన చేప, కర్రపెండలం పిండి, కాస్త మిరపనీళ్లు.
లారీ మీద ఎత్తీ దించే కుర్రాడు ఎడివాన్,
పదిహేడుంటాయేమో, మీసం ఇంకా సందేహంలోనే ఉంది,
తొట్టి దగ్గర చేతులు చాపాడు.
నేను మగ్గుతో నీళ్లు పోశాను.
వాడు నల్ల సబ్బు తీసుకుని రుద్దుకున్నాడు.

నురగ ఎర్రబడింది.
వేళ్ల సందుల్లో, గోళ్ల అంచుల్లో,
అరచేతి గీతల్లో దారి వెతుక్కుంటూ.
వాడు దెబ్బ తగిలిందేమోనని
చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.
నొప్పి లేదు, గాయం లేదు.
వాడికేం అర్థం కాలేదు.
నాకు అర్థమై మగ్గు వణికింది.
ఒస్మరీనా వచ్చి నా చేతిలోంచి మగ్గు తీసుకుంది.
ఒకటి, రెండు, మూడు మగ్గులు పోసింది,
నీళ్లు తేటగా జారేదాకా.
వాల్దెమీర్ అటు తిరిగి చేపముల్లు తీసుకుంటున్నాడు.
"కూర్చో నాయనా, తిను" అంది వాడితో.
రెండోసారి కూడా వడ్డించింది.

తిన్నాక చెయ్యి తుడుచుకుని
సిరా పెట్టె మూత వేసింది.
"మూడో వరుస దింపండి" అంది.

సాయంత్రానికి షెడ్డు నేలంతా పచ్చటి పొడి.
వాల్దెమీర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.
వాడి చూపు కుర్రాడి మీదికి వెళ్లింది, అక్కడే ఆగింది.
"ఎవడు చెప్పాడు నీకు?"

"ఎవడు చెప్పాలి?" అంది ఒస్మరీనా.
"పై పలకల సందులోంచి లెన్స్‌తో చూశాను.
నా కళ్లింకా బాగానే ఉన్నాయి."

ఎడివాన్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.
నేనూ పెట్టుకున్నాను.
పొద్దుట్నుంచీ లెన్స్ అక్కడే ఉంది.