చాటల వాన

మొన్న ఆదివారం కాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల
తెల్లదుప్పటి కట్టి ఇంగ్లండు సినిమా ఏసిండ్రు.
నాటకంలకెల్లి తీసిన సినిమానట.
గోడ మీద ఆ ముక్క చదివి
మోకాళ్ల నొప్పిని ఆటోల కూసోబెట్టుకొని పోయిన.

మూడో మాటకే దొరకబట్టిన.
ఇది మా నాటకమే.

ఎనభై మూడుల
గూడ్సు క్లర్కు వీరభద్రం సారు దీన్ని తెలుగు చేసిండు.
మార్గరెట్‌ను మంగను చేసిండు.
నిప్పుగూటి ముంగటి కుర్చీని నులక మంచం చేసిండు.
లండన్ పొగమంచును ఏం జెయ్యాల్నో సమజ్ కాక
వాన చేసిండు.
వాన అల్కగ అయితది,
తెర ఎనుక కూసొని చాటల శెనగలు ఆడిస్తే సాలు.

మంగను నేనే.
రైల్వే ఆస్పత్రిల డ్యూటీ దిగి
స్పిరిట్ వాసన చేతులతోనే పౌడర్ రాసుకునేదాన్ని.
పెనిమిటి ఏషం ఓదెలుది.
లోకోషెడ్ల ఫిట్టరు. గోర్ల సందున గ్రీజు
ఏ ఏషానికీ పోయేది కాదు.

ఒక్క అర్ర. ఒక్క రాత్రి.
మొగడు తలుపు ధన్నున ఏసి పోతడు.
మంగ ఆ మూసిన తలుపుతోని ఏడు నిమిషాలు మాట్లాడ్తది,
మనిషి ముంగట ఎన్నడూ అనని మాటలు.
తెర పడ్తది.

సినిమాల అది అసలు తలుపు.
ఇత్తడి పిడి, దాని మీద సలికి పట్టిన చెమ్మ.
అతను బైట కాలు పెట్టంగనే
కెమెరా సుత ఎంబడి పోయింది.
తడిసిన రాళ్ల బాట, దీపపు స్తంభం, పొగమంచు.
టోపీ సరిజేసుకొని బస్సెక్కిండు.
కిటికి పక్క సీటు దొరికింది.
టికెట్టు గూడ కొన్నడు.

ఇంట్ల ఆమె మాట్లాడ్తనే ఉన్నది.
ఎంత మంచిగ చేసింది!
కన్నుకొన అదిరితే దుప్పటంత అదిరింది.
నేనైతే ఆఖరి బెంచీల గ్యాంగ్‌మెన్లకు ఇనబడాలని
గొంతు చించుకునేదాన్ని.
కని ఆమెకు ఇనేటోడు లేడు.
వాడు బస్సుల ఉన్నడు.

మాది ప్లైవుడ్ తలుపు. నీలిరంగు.
అవతల బాట లేదు, బస్సు లేదు.
ఓదెలున్నడు.
మందికి తక్కువపడి వాన పని అతనికే అప్పజెప్పిండ్రు.
కోపంతోని పోయిన మొగడు
తలుపెనుక గొంతుకూసొని చాట పట్టుకునేటోడు.
నేను మాట మరిస్తే
చెక్క సందుల నుంచి మెల్లగ అందిచ్చేటోడు.
"నువ్వు పోతవని ఎర్కే."
"అయినా బువ్వ మీద మూత పెట్టి ఉంచిన."
అతనికి నేను చెప్పాల్సినయన్నీ
ముందుగాల్ల అతనే నాకు చెప్పేటోడు.

పద్దెనిమిది ఆటలు.
ఒక్కొక్కపారి యాదికున్నా మరిచినట్టు ఆగిన.
జమ్మికుంటల శానసేపు ఆగిన.
వాన సుత ఆగింది.
జనం ఎవ్వలూ మెదలలే,
అది గూడ నాటకమే అనుకున్నరు.

ఆఖరు ఆటనాడు శెనగలు పొట్లం కట్టి ఇచ్చిండు.
ఇంటికొచ్చి నానేసిన, గుగ్గిళ్లు చేసిన.
నడుమ నడుమ రాళ్లు తగిలినయి.
ఎండకాలం లాలాగూడకు ట్రాన్స్‌ఫర్ అయి పోయిండు.
కెమెరా అయితే ఎంబడి పోతుండె.
నాకు పొద్దుగాల డ్యూటీ ఉండె.

లైట్లు ఏసినంక ఒక పిలగాడు మైకు పట్టుకొచ్చిండు.
"అమ్మా, నాటకం చేసినవట గదా,
ఏది నచ్చింది, అదా ఇదా?"

పొగమంచు మంచిగున్నదని చెప్పిన.