ఐదు మిల్లీమీటర్ల తవిటమ్మ

తెర మీద పెద్దది చేసి చూస్తే
తవిటమ్మ పేరు తాటికాయంత.
ఎంత ముచ్చటగా ఉందో!
గుడ్డ మీదకి దిగేసరికి
ఎవరో తొక్కేసిన చీమల గుంపు.

పెద్దాసుపత్రిలో ఊడ్చేవాళ్ళకి కొత్త కోట్లు,
ముప్పై రెండు.
జేబుకీ పైకుట్టుకీ మధ్య
పేరుకి మిగిలిన చోటు ఐదు మిల్లీమీటర్లు.
"ఇంగ్లీషులో పొడి అక్షరాలు కొట్టీ, గొడవొదిలిపోద్ది"
అన్నాడు కాంట్రాక్టరు.
నిజమే, అవి కర్రలు.
సూది నిచ్చెనెక్కినట్టు ఎక్కి దిగిపోతుంది.
మనవి గవ్వలు, చింతగింజలు, చెవితమ్మెలు.
ఒక్కోదానికీ ఒక కడుపు, కడుపులో ఖాళీ.
ఆ ఖాళీ పూడిపోతే
అక్షరం చచ్చిపోయినట్టే.

శ్రీకాకుళం ఏడురోడ్ల వెనక సందులో
జిరాక్సు షాపుతో గోడ పంచుకున్న కొట్టు నాది.
పదిహేను సూదుల మిషను,
ఇంకా పంతొమ్మిది వాయిదాలు.
దాన్ని బిగించడానికి బరంపురం నుంచి వచ్చిన పూర్ణచంద్ర
సగం ఒడియాలో సగం తెలుగులో
ఒక్క మాట చెప్పి రైలెక్కేశాడు:
"మీ అక్షరం నాకు రాదు. సూదికీ రాదు.
దానికి బొమ్మ చూపించకండి, దారి చెప్పండి."

దారి.
త ఎక్కడ మొదలవుతుంది?
ముప్పై ఎనిమిదేళ్ళుగా రాస్తున్నాను,
నాకు తెలీదని ఆ రాత్రి తెలిసింది.
కత్తిరింపుల బల్ల మీద సుద్ద ముక్కతో
ఒకటో తరగతి పిల్లలా దిద్దుకున్నాను.

అడుగున వేసే పరుపుకుట్టు ఎక్కువై మ ఉబ్బింది.
అది తీసేస్తే వ జారిపోయింది.
నాలుగోసారి దారం తెగింది,
ఐదోసారి కరెంటు పోయింది.
వైజాగు నుంచి బస్సు పార్సిల్లో
అరవై నంబరు సన్నదారం తెప్పించాను.
సూది సన్నం చేశాను, మిషను పరుగు సగానికి తగ్గించాను.
వి మీది గుడిని వెంట్రుకంత పైకెత్తాను.
మావత్తు మాత్రం
జేబు అంచులో దిగబడి లేవనంది.

గుడ్డకో గుణముంది.
దారం ఎటు లాగితే అటు ముడుచుకుంటుంది.
గుండ్రం కావాలంటే
తెర మీద అడ్డంగా బొద్దు సున్నా గీయాలి.
తప్పుగా గీస్తేనే ఒప్పుగా కుడుతుంది.
మా లెక్కల మేస్టారు వింటే బెత్తం తీసుండేవారు.

డ్యూటీ దిగి తనే వచ్చింది ఓ సాయంత్రం,
ఫినాయిలు వాసనతో, గుమ్మంలోనే నిలబడి.
"నా పేరు నెగ్గట్లేదటగదా?
నాకు ముందు ముగ్గురు పోనారమ్మా.
నన్ను సేటలో ఏసి
కుంచెడు తవుడిచ్చి కొనుక్కున్నారట మాయమ్మోళ్ళు.
తవుడు నలుసంతున్నా పరవానేదు,
సగం మాత్రం సెయ్యకు."

పన్నెండో గుడ్డ. రాత్రి ఒంటిగంట.
దర్జీదాన్నే కదా, జేబు విప్పేసి
ఒకటిన్నర మిల్లీమీటరు కిందికి దించాను.
మావత్తు కాళ్ళు చాపుకుంది.
వ నోరు తెరిచింది.
మిషను ఆగాక నిశ్శబ్దంలో
పైకే చదివాను, నాకే వినపడేలా.

మర్నాడు తవిటమ్మ పేరు చూళ్ళేదు.
కోటు తిరగేసి
లోపలివైపు బొటనవేలితో తడిమింది.
"ఏ అచ్చరం కాడ మొదలెట్టినావు?"
చూపించాను.
అక్కణ్ణించి గోరు మెల్లగా నడిపించింది.
సూది వెళ్ళిన దారే.
ట దగ్గర ఆగి, "ఇక్కడేటి గెంతింది?" అంది.
నేను కత్తిరించడం మరిచిన దారప్పోగు.
పంటితో కొరికి తెంపి
కోటు మడత పెట్టుకుంది.

ఇంకా ముప్పై ఒకటి.
జాబితాలో తర్వాతి పేరు
కృష్ణవేణి.
ష కింద ణ, క కింద ఋత్వం.
సుద్దముక్క ఎక్కడ పెట్టానో.