కట్టెల లెక్క

పదకొండు చలికాలాలు
ఓడెట్ తిబోడో కట్టెలు కొట్టింది,
తన పొయ్యికి కాదు.
చర్చి వెనక రేకుల షెడ్డులో
అట్టముక్క మీద పెన్సిల్‌తో పేర్లు:
మెర్విన్ తాతకి సన్నగా చీల్చాలి, చేతులు వణుకుతాయి.
ఏటి పక్క ట్రైలర్‌లో చంటిబిడ్డ,
పచ్చికట్టె వద్దు, పొగ.

ఒక జనవరిలో
పేర్లు మిగిలాయి, కట్టెలు అయిపోయాయి.
ఫోన్ చేస్తే ప్రభుత్వం
నలభై నిమిషాలు సంగీతం వినిపించింది.
ఆ వరస ఆమెకిప్పటికీ నోటికొచ్చు,
గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తుంది
కోపంగా.

ఓట్లడగడానికి వెళితే
కరపత్రం ఎవరూ చదవలేదు.
అరచేతులు చూశారు.
రెండొందల పదమూడు ఓట్ల తేడా.

ఇప్పుడు అగస్టాలో, శాసనసభ గుమ్మటం కింద
ఒక పచ్చ మీట, ఒక ఎర్ర మీట.
ఇంధన సాయం పద్దు మూడోసారి వాయిదా.
ఎదురుగా మేపుల్ బల్ల, నున్నగా, బరువుగా.
వేలిముడితో తట్టి చూసింది.
బాగా ఎండిన కర్ర.
ఒక ఇంటికి మూడు రాత్రులు.

పైకి అనలేదు.
కోటు జేబులోంచి అట్టముక్క తీసి
మైకులో మొదటి పేరు చదివింది.
సభాపతి కొయ్యసుత్తి మోగింది.
అదీ ఎండిన కర్రే.
రెండో పేరు చదివింది.