తరచుగా

యూనివర్సిటీ గేటుకి ఎదురుగా
రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్సు, తిరగని ఫ్యాను.
ఇదే నా అంగడి.
శాసనాల మీద థీసిస్సులు కొట్టినా,
వేరుశెనగ తెగుళ్ల మీద కొట్టినా,
ఒక్కటీ చదివింది లేదు.
కొట్టేవాడికి అక్షరమే కనపడతాది, అర్థం కాదు.

హంసవేణి మేడం ప్రశ్నావళి తెచ్చింది.
తిరుపతి బడిపిలకాయల్లో అవధాన లోపం మీద పరిశోధనంట.
నేను అవధాన లోకం అని కొట్టినా.
ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి
"లోకం కాదప్పా, లోపం" అనింది.
ఇద్దరం నవ్వినాం.

పదునెనిమిది ప్రశ్నలు.
వస్తువులు పోగొట్టుకుంటాడా.
పిలిస్తే విననట్టు ఉంటాడా.
తన వంతు వచ్చేదాకా ఆగలేడా.
ఒక్కోదానికీ నాలుగు గళ్లు:
ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా.
తరచుగా అనే మాట ముప్ఫై ఆరుసార్లు పడింది.
ఒకసారి కొట్టి, మిగతాదంతా కాపీ.

అవధానం నేను చిన్నప్పుడే చూసినా, మా నాయన పక్కన కూచోని.
ఒకాయన గంట కొడతా ఉండె,
ఒకాయన సందు దొరికితే అడ్డం మాట్లాడతా ఉండె,
నడుమ ఒకాయన నిమ్మళంగా పద్యం చెప్తా ఉండె.
ఆఖర్న, ఎన్ని గంటలు మోగినాయో కూడా చెప్పినాడు.
శాలువా కప్పినారు.

మా మునితేజకూ తక్కువ మంది లేరు పృచ్ఛకులు.
పక్కింటి కుక్కరు ఒకరు,
కాలర్లో గీరుకునే లేబుల్ ఒకరు,
కిటికీలో కొండ మీదికి పోయే బస్సు ఒకరు.
ఈ నడుమ ఆరో ఎక్కం.
వాడికి శాలువా లేదు,
బెంచీ మీద నిలబెట్టినారు.

గంగజాతరలో మాత్రం
ఒంటికి సుద్ద పూసి బైరాగి వేషం వేసినాం,
మర్నాడు కుంకం, ఆ మర్నాడు బొగ్గు.
వీధివీధీ తిరిగినాడు వేపమండ ఊపుకుంటా.
అరిచినాడు, ఎగిరినాడు,
పెద్దోళ్లు కూడా దండం పెట్టినారు.
కూచోరా అన్నోడు లేడు.
విశ్వరూపం అయిపోయినాక నీళ్లు పోస్తే
బొగ్గు కింద మళ్లా మావాడే.
బడి తెరిచిన వారానికే ఫోను.

ఆ వెనకే కాయితం వాడి బ్యాగులో ఇంటికొచ్చింది.
నా అక్షరాలే, నా జెరాక్సే,
అంచున నా మిషను గీసే నల్ల గీత కూడా.
రెడ్డెమ్మ పెన్సిలు చేతికిచ్చి దోసెలు పోసేదానికి పోయింది.
మొదటి ప్రశ్న.
జూన్ నుంచి మూడు నీళ్ల బాటిళ్లు పోయినాయి.
అప్పుడప్పుడు.
రెండో ప్రశ్న. అప్పుడప్పుడు.
పదునెనిమిదీ అదే గడి,
వరస కూడా తప్పకుండా.
కొడుకుని కాపాడినా అనుకున్నా.

ఏడాది తిరిగినాక వ్యాసం తెచ్చింది మేడం.
నాలుగో పట్టిక: మొత్తం రెండొందల పన్నెండు మంది,
గీత దాటినోళ్లు ఇరవై మూడు,
మిగిలిన నూట ఎనభై తొమ్మిది మందీ మామూలే.
ఆ అంకెలో మావాడు ఉండాడు, నా అబద్ధం ఉంది.
నేనే కొట్టినా, వేలు వణకలా.
లోకానికి సున్నా చుట్టిన మేడం
ఈ అంకెకు చుట్టలేదు.

మొన్న అచ్చయిన పత్రిక తెచ్చిచ్చింది, స్వీటు పొట్లంతో.
ఆఖరి పేజీలో
"నిజాయితీగా జవాబులిచ్చిన తల్లిదండ్రులకు" అని ఒక వాక్యం.
అదీ నేను కొట్టిందే.
మొట్టమొదటిసారి, నేను కొట్టింది నేను చదివినా.

రాత్రి తొమ్మిది. షట్టరు సగం దించినా.
ఫైలు ఇంకా మిషన్లోనే ఉంది. ఒక కాపీ తీసినా.
టేబుల్ కింద స్టేప్లరు పిన్నులతో రైలు కడతా
తలెత్తకుండానే అన్నాడు మునితేజ:
"నాయినా, నేనొచ్చినకాణ్ణించి నువ్వు ఫోను పదకొండుసార్లు చూసినావు."

పెన్సిలు కాదు, పెన్ను తీసినా.
మొదటి ప్రశ్న.
మూడు బాటిళ్లు.